అసీసీ ఫ్రాన్సిసు మహాత్ముడు

ప్రతి సంవత్సరము డిసెంబరు 25వ తేదీన లోకమందలి క్రైస్తవులలో పెక్కుమంది యేసుక్రీస్తు జన్మదినమును పండుగగా జరుపుకొందురు. ఆ దినములలో గొప్ప దేవాలయములందును, పేదల ఇండ్లయందును, తెలుగు పల్లెలలోని చిన్న ప్రార్థనమందిరములందును గడ్డి కప్పిన పశువులపాక నొకదానిని నిర్మించి, అందు తల్లిని, తండ్రిని, తొట్టిలో పరుండిన శిశువును, ఎద్దును, గాడిదను, గొఱ్ఱెల కాపరులను బొమ్మలుగా నిలుపుదురు. చదువురాని వారును, పసిపిల్లలును ఆ పాకను చూచినంతనే కథను గ్రహింతురు. ఈ ఆచారము లోకమున ఇంతగా వ్యాపించుటకు ముఖ్య కారకుడు ఇటలీ దేశమున ఎనిమిది వందల సంవత్సరములకు పూర్వము జీవించిన ఫ్రాన్సిసు. ధనవంతుని ఇంట పుట్టి, కోరి బిచ్చగానివలె బ్రతికి, కటికనేలపై ప్రాణము విడిచిన ఈ మహాత్ముని చరిత్ర తెలిసినచో, ఒక శిశువు పుట్టుక క్రైస్తవులకు అంత ముఖ్యమైనది ఎందులకో కొంత బోధపడును.

మధ్య ఇటలీలో ఉంబ్రియా అను కొండసీమ కలదు. అచట సుబాసియో పర్వతపు వాలున అసీసీ పట్టణము వెలసియున్నది. 1181 లేక 1182వ సంవత్సరమున ఆ పట్టణమందు పియెత్రో బెర్నర్దోనె అను బట్టల వర్తకుని భార్యయైన పీకా ఒక కుమారుని కనెను. తండ్రి అప్పుడు వ్యాపారమునకై ఫ్రాన్సు దేశమునకు పోయియుండెను. శిశువునకు జ్ఞానస్నానమునందు జొవాన్ని అను పేరు పెట్టిరి. తండ్రి తిరిగివచ్చిన పిమ్మట, తనకు ప్రీతిపాత్రమైన ఫ్రాన్సు దేశము జ్ఞప్తికి వచ్చునట్లు కుమారుని ఫ్రాంచెస్కో అని పిలువసాగెను. ఆ ముద్దుపేరే నిలిచి, దేశదేశములందు ఫ్రాన్సిసుగా ప్రసిద్ధికెక్కెను.

ఫ్రాన్సిసు బాల్యమున లేమి యన నెట్టిదో ఎరుగడు. కొంత లాటిను భాషను, ఫ్రెంచి పాటలను నేర్చెను. యుక్తవయస్కుడై తండ్రి అంగడిలో కూర్చుండి పట్టుబట్టలును, ఉన్నిబట్టలును అమ్ముచుండెను. పగలు సంపాదించినదానిని రాత్రి మిత్రులతో విందులకు వెచ్చించుచుండెను. మేలైన దుస్తులు ధరించి, పాటలు పాడుచు, వీధుల వెంట తిరుగు యువకులకు అతడే నాయకుడు. ఐనను అతని మనస్సు మెత్తనిది. ఒకనాడు అంగడి రద్దీలో ఒక బిచ్చగాడు దేవుని పేర భిక్ష మడుగగా, అతడు విసుగుకొని పంపివేసెను. మరుక్షణముననే పశ్చాత్తాపము కలిగెను. ఒక ప్రభువు పేర వచ్చినవానిని ఆదరించెడివాడను, దేవుని పేర వచ్చినవానిని వెడలగొట్టితినే అని చింతించి, అటుపై ఎవరిని రిక్తహస్తములతో పంపరాదని నిశ్చయించుకొనెను.

ఆ కాలమున ఇటలీలోని పట్టణములు ఒకదానితో నొకటి పోరాడుచుండెడివి. 1202వ సంవత్సరమున అసీసీకిని, పొరుగుననున్న పెరూజియాకును యుద్ధము జరిగెను. వీరుడని పేరుపొందవలెనను కోరికతో ఫ్రాన్సిసు ఆ యుద్ధమునకు పోయి, శత్రువులకు చిక్కి, ఇంచుమించు ఒక సంవత్సరము చెరసాలలో నుండెను. విడుదలయై వచ్చిన పిమ్మట చాలకాలము వ్యాధితో మంచము పట్టెను. కోలుకొని ఊరి వెలుపలకు వచ్చి చూడగా, మునుపు మనోహరముగా తోచిన ద్రాక్షతోటలును, పొలములును అతనికి సంతోషము కలిగింపలేదు. మరల గుఱ్ఱమెక్కి దక్షిణ ఇటలీలో జరుగుచున్న యుద్ధమునకు బయలుదేరెను. కాని స్పొలేతో పట్టణము చేరిన రాత్రి నిద్రలో నొక స్వరము, సేవకుని సేవించుట మేలా, యజమానుని సేవించుట మేలా అని తన్ను అడిగినట్లు తోచెను. అతడు మరునాడు గుఱ్ఱమును వెనుకకు త్రిప్పెను. యుద్ధమునకు పోయినవాడు పోరాడకయే తిరిగివచ్చుట చూచి ఊరివారు నవ్విరి.

ఫ్రాన్సిసుకు కుష్ఠరోగులనిన మిక్కిలి ఏవగింపు. వారి నివాసము కంటబడినచో ముక్కు మూసికొని తొలగిపోవుచుండెను. ఒకనాడు దారిలో ఒక కుష్ఠరోగి ఎదురుపడెను. ఫ్రాన్సిసు మనస్సు వెనుకకు లాగెను. ఐనను అతడు గుఱ్ఱము దిగి, రోగిని సమీపించి, చేతిలో ధనముంచి, ఆ చేతిని ముద్దుపెట్టుకొనెను. నాటినుండి అతడు కుష్ఠరోగుల నివాసములకు పోయి వారి పుండ్లు కడుగుచుండెను. అంతవరకు చేదుగా నుండినది ఆనాడు తనకు తీపిగా మారెనని మరణమునకు ముందు వ్రాయించిన మరణశాసనమున ఆయన స్మరించెను. ఆ జీవితమున ఇదియే గొప్ప మలుపు. తనకంటె తక్కువవాడని తలచినవాని చెంతకు దిగిపోవుట ఎట్టిదో అతడు ఆనాడు తెలిసికొనెను.

అసీసీ పట్టణము వెలుపల సాన్ దమియానో అను పాతబడిన చిన్న దేవాలయ ముండెను. 1205వ సంవత్సర ప్రాంతమున ఫ్రాన్సిసు అందు సిలువయెదుట ప్రార్థించుచుండగా, కూలిపోవుచున్న తన ఇంటిని బాగుచేయుమని క్రీస్తు తనను కోరినట్లు వినబడెను. అతడు ఆ మాటను ఉన్నదున్నట్లుగా గ్రహించి, తండ్రి అంగడిలోని బట్టలను ఫొలీన్యో పట్టణమునకు కొనిపోయి అమ్మి, గుఱ్ఱమును గూడ అమ్మివేసి, ఆ సొమ్మును దేవాలయపు గురువున కిచ్చెను. గురువు అతని తండ్రికి వెరచి సొమ్మును స్వీకరింపలేదు. ఫ్రాన్సిసు దానిని కిటికీలోనికి విసరివైచెను.

ఈ వార్త విని తండ్రి మండిపడెను. కుమారుని ఇంట బంధించెను. తండ్రి ఊర లేని సమయమున తల్లి జాలిపడి కట్లు విప్పెను. కడకు తగవు బిషప్పు సన్నిధికి చేరెను. 1206వ సంవత్సరమున పట్టణప్రజలు చూచుచుండగా విచారణ జరిగెను. తండ్రి సొమ్ము తండ్రికి ఇచ్చివేయవలసినదని బిషప్పు తీర్పు చెప్పెను. ఫ్రాన్సిసు సొమ్ముతోపాటు తాను ధరించిన వస్త్రములను సైతము విడిచి తండ్రి పాదములకడ నుంచెను. ఇకమీదట పరలోకమందున్న దేవుని మాత్రమే తండ్రి యని పిలుతునని ప్రకటించెను. బిషప్పు తన పైవస్త్రముతో ఆ యువకుని కప్పెను. పియెత్రో బట్టలు తీసికొని ఇంటికి పోయెను. అతడు క్రూరుడని చెప్పరాదు. కుమారుడు తనకంటె గొప్ప వర్తకుడు కావలెనని కోరిన తండ్రి అతడు. ఆనాడు కన్నవారు అనుభవించిన దుఃఖము చిన్నది కాదు.

అటుపిమ్మట ఫ్రాన్సిసు ఇంటింట రాళ్లు యాచించి, మోసికొనివచ్చి, సాన్ దమియానో గోడలను తన చేతులతో కట్టెను. వేరొక దేవాలయమును, లోయలోని పొర్సియుంకుల అను చిన్న గుడిని గూడ బాగుచేసెను. ఒకనాడు ఆ గుడిలో సువార్తపఠనము వినుచుండగా, బంగారమును, సంచిని, రెండు అంగీలను, చెప్పులను తీసికొనక పోయి దేవుని రాజ్యమును ప్రకటింపుడని క్రీస్తు శిష్యుల నాజ్ఞాపించిన భాగము ఆయన చెవిని పడెను. తాను కోరునది ఇదియేయని ఆయన ఉప్పొంగి, చెప్పులు విడిచి, తోలు నడికట్టునకు బదులు త్రాడు కట్టుకొనెను.

మొదట ఊరివారు ఆయనను పిచ్చివాడనిరి. బాలురు రాళ్లు రువ్విరి. క్రమముగా ఆయన ముఖమందలి సంతోషమును చూచి కొందరు ఆలోచింపసాగిరి. బెర్నార్డు అను ధనికుడు తన సర్వస్వమును పేదలకు పంచి మొదటి శిష్యుడయ్యెను. న్యాయశాస్త్ర మెరిగిన పీటరు వచ్చెను. సామాన్య కుటుంబమువాడైన జైల్సు వచ్చెను. పదునొకండుగురు చేరిన పిమ్మట 1209వ సంవత్సరమున ఫ్రాన్సిసు వారితో కలిసి రోము నగరమునకు నడిచిపోయెను. అప్పటి పోపు మూడవ ఇన్నొసెంటు ఐరోపా రాజులను శాసింపగల శక్తిమంతుడు. చిరిగిన అంగీలతో నిలిచిన ఈ పన్నిద్దరను చూచి అచటివారు సందేహించిరి. ఐనను పోపు వారి నియమావళిని నోటిమాటతో అంగీకరించెను. ఫ్రాన్సిసు తన సంఘమువారికి తక్కువ సోదరులు అని అర్థమిచ్చు పేరుంచెను. ఎవరికిని పైవారు కాకుండుటయే వారి వ్రతము. 1212వ సంవత్సరమున క్లారా అను ఉన్నత వంశపు యువతి ఇల్లు విడిచివచ్చి అదే మార్గము నవలంబించెను. ఆమె వెంట అనేక స్త్రీలు సాన్ దమియానోలో చేరిరి.

ఫ్రాన్సిసు ఇట్లు పేదరికమును వరించుటకు కారణ మేమి? ధనమును ద్వేషించుటచేత మాత్రమే కాదు. ఆయన హృదయమున సదా నిలిచియున్న దృశ్యము బేత్లెహేములోని పశువుల తొట్టి. లూకా సువార్త చెప్పు కథ ఇట్టిది: రోము చక్రవర్తి యగు ఔగుస్తు ప్రజాసంఖ్య వ్రాయింపవలెనని ఆజ్ఞ ఇచ్చెను. నజరేతు నుండి యోసేపును, నిండు గర్భిణియగు మరియయు బేత్లెహేమునకు పోయిరి. సత్రమున వారికి స్థలము దొరకలేదు. మరియ అచ్చట కుమారుని కని, పొత్తిగుడ్డలతో చుట్టి, పశువులు మేయు తొట్టిలో పరుండబెట్టెను. రక్షకుడు పుట్టెనను వార్త రాజులకు గాని, పండితులకు గాని మొదట అందలేదు. రాత్రివేళ పొలములో మందను కాచుకొను గొఱ్ఱెల కాపరులకు అందెను.

క్రైస్తవుల విశ్వాసము ప్రకారము ఇది ఒక మహాపురుషుని జననము మాత్రమే కాదు. దేవుని కుమారుడే మానవశరీరము ధరించి వచ్చినాడని వారు నమ్ముదురు. యేసు అను పేరునకు దేవుడు రక్షించును అని అర్థము. ఇమ్మానుయేలు అను మరియొక పేరునకు దేవుడు మనకు తోడైయున్నాడు అని అర్థము. మానవుడు పాపముచేత దేవునికి దూరమయ్యెననియు, తన బలముచేతనే ఆ దూరమును దాటలేడనియు, కనుక దేవుడే ఆ దూరమును దాటి వచ్చెననియు వారి సిద్ధాంతము. రాజు కోటలో నుండి ప్రజలకు ధాన్యము పంపవచ్చును. అతడు దయగలవాడే. కాని కోట విడిచి వచ్చి, వారి గుడిసెలో పుట్టి, వారి ఆకలిని, చలిని, మరణమును పంచుకొన్న రాజు వేరు. క్రీస్తు జన్మమునందు క్రైస్తవులు చూచునది ఈ రెండవ విధమైన ప్రేమ.

ఈ జన్మము లేనిచో క్రైస్తవమతమున తక్కినవేవియు నిలువవు. పుట్టనివాడు బోధింపజాలడు. నిజమైన శరీరము లేనివాడు సిలువపై నిజముగా బాధపడజాలడు, మరణింపజాలడు, మరణమును జయించి లేవజాలడు. అందుచేతనే 325వ సంవత్సరమున నైసియా పట్టణమున సమావేశమైన బిషప్పులు, క్రీస్తు నిజముగా దేవుడనియు, మానవుల రక్షణకై మనుష్యుడయ్యెననియు విశ్వాసప్రమాణమున చేర్చిరి. రోము నగరమున డిసెంబరు 25న ఈ జన్మదినమును పాటించుచుండినట్లు 336వ సంవత్సరపు పట్టికవలన తెలియుచున్నది.

ఫ్రాన్సిసు కాలమునకు ఈ సత్యము సామాన్యజనులకు దూరమైపోయెను. పూజలు లాటిను భాషలో జరుగుచుండెను. ఆ భాష పల్లెవారికి తెలియదు. దేవాలయపు గోడలపై క్రీస్తు తరచుగా సింహాసనాసీనుడైన రాజువలెను, న్యాయాధిపతివలెను కానవచ్చుచుండెను. దక్షిణ ఫ్రాన్సులోను, ఉత్తర ఇటలీలోను కథారులు అను వర్గమువారు, శరీరము చెడ్డది గనుక దేవుని కుమారుడు నిజమైన మాంసరక్తములు ధరింపలేదని బోధించుచుండిరి. వారిని అణచుటకై దక్షిణ ఫ్రాన్సులో ఘోరయుద్ధములు గూడ జరిగెను. ఫ్రాన్సిసు ఖండనగ్రంథములు వ్రాయలేదు. ఆయన ఎండిన గడ్డిని, తొట్టిని చూపెను.

అంతకుముందు మరియొక గొప్ప సంఘటన జరిగెను. క్రీస్తు పుట్టిన దేశమును వశపరచుకొనుటకై ఐరోపావారు శతాబ్దముపైగా ముస్లిం రాజులతో యుద్ధములు చేయుచుండిరి. ఐదవ మతయుద్ధమున క్రైస్తవసేనలు ఈజిప్టులోని దమియెట్టా పట్టణమును ముట్టడించియుండగా, 1219వ సంవత్సరమున ఫ్రాన్సిసు అచటికి పోయెను. ఆయుధము లేక ఒక సోదరుని వెంటబెట్టుకొని శత్రుశిబిరమున ప్రవేశించి, సుల్తాను మలిక్ అల్ కామిల్ దర్శనము చేసెను. తన విశ్వాసమును గూర్చి నిర్భయముగా మాటలాడెను. సుల్తాను తన మతమును విడువలేదు. ఐనను ఆ బిచ్చగాని మాటలు మర్యాదతో ఆలకించి, క్షేమముగా తిరిగి పంపించెను. ఆ యేడే దమియెట్టా క్రైస్తవసేనల వశమయ్యెను. 1221లో దానిని మరల సుల్తానునకు అప్పగింపవలసివచ్చెను. కత్తితో గెలిచినది రెండేండ్లు నిలువలేదు. కత్తి లేక వెళ్లిన ఫ్రాన్సిసును మాత్రము లోకము నేటికిని స్మరించుచున్నది.

ఫ్రాన్సిసు ఇటలీకి తిరిగివచ్చునప్పటికి ఆయన కన్నులు జబ్బుపడియుండెను. శరీరము కృశించియుండెను. అంతకంటె పెద్ద బాధ మరియొకటి ఎదురయ్యెను. పన్నిద్దరితో మొదలైన సంఘము వేలకొలది జనముతో నిండెను. వారిలో కొందరు గట్టి కట్టడములు కావలెననిరి. కొందరు గ్రంథములు కావలెననిరి. నియమములు మిక్కిలి కఠినములని సణిగిరి. 1220వ సంవత్సరమున ఫ్రాన్సిసు సంఘాధిపత్యమును విడిచి సామాన్య సోదరుడయ్యెను. అనేక చర్చల పిమ్మట సిద్ధమైన నియమావళిని 1223 నవంబరు 29న పోపు మూడవ హొనోరియసు ఆమోదించెను. తాను పెంచిన సంఘము తన ఆదర్శమును మరచునేమో యను భయము ఆయనను విడువలేదు. ఆ భయమునకు సమాధానముగానో యన్నట్లు, ఒక నెల గడువకముందే ఆయన గ్రెచ్చియో గ్రామమున ఒక వింత పండుగ చేసెను.

రియేతి లోయలో కొండచరియపై గ్రెచ్చియో అను గ్రామము కలదు. ఆ ప్రాంతపు ప్రభువు జాన్ అను సజ్జనుడు ఫ్రాన్సిసునకు మిత్రుడు. క్రిస్మసునకు రెండు వారముల ముందు ఫ్రాన్సిసు అతనిని పిలిపించి, ఆ కొండపై ఒక తొట్టిని, గడ్డిని, ఒక ఎద్దును, ఒక గాడిదను సిద్ధపరుపుమని కోరెను. బేత్లెహేములో పుట్టిన శిశువు ఎంతటి లేమిలో పుట్టెనో, గడ్డిపై ఎట్లు పరుండెనో తన కన్నులార చూడవలెనని ఉన్నదని తెలిపెను. జాన్ అన్నియు అమర్చెను.

ఆ రాత్రి చుట్టుప్రక్కల పల్లెల స్త్రీపురుషులు దివిటీలును, కొవ్వొత్తులును వెలిగించుకొని కొండకు ఎక్కివచ్చిరి. సోదరుల పాటలతో అడవి మారుమ్రోగెను. తొట్టినిండ గడ్డి యుండెను. ఎద్దును గాడిదయు ప్రక్కన నిలిచెను. ఆ తొట్టిపైననే ఒక గురువు పూజ జరిపెను. ఫ్రాన్సిసు వినయముచేత గురుపదవిని ఏనాడును స్వీకరించినవాడు కాడు. పరిచారకుని వస్త్రములు ధరించి, మధురస్వరముతో సువార్తను గానము చేసి, పిదప ప్రజలకు ఉపదేశించెను. బేత్లెహేము అను మాటను పలుకునప్పుడు ఆయన కంఠము గొఱ్ఱెపిల్ల అరుపువలె నుండెనట. ఆ పేరు పలికిన పెదవులను తేనె అంటినట్లు నాలుకతో తడుపుకొనెనట.

తొట్టిలో శిశువుగా ఎవరిని పరుండబెట్టలేదు. ఐనను ఆ సభలోని ఒక ధర్మపరునికి, తొట్టిలో కదలిక లేని శిశు వొకడు పరుండియున్నట్లును, ఫ్రాన్సిసు సమీపింపగా ఆ శిశువు నిద్ర మేల్కొన్నట్లును దర్శన మయ్యెనని చెప్పుదురు. ఫ్రాన్సిసు మొదటి చరిత్రకారుడైన చెలానో థామసు 1229 నాటికే ఈ ఘట్టమును వ్రాసి, పలువురి హృదయములలో మరపునబడియున్న శిశువు ఆ సేవకునివలన తిరిగి మేల్కొనెనని దాని భావమును వివరించెను. అంతకుముందు దేవాలయములలో క్రీస్తు జన్మమును నాటకముగా ప్రదర్శించు వాడుక లేకపోలేదు. కాని పల్లెవారి పశువులను, వారి గడ్డిని, వారి కొండను బేత్లెహేముగా మార్చి, పవిత్రస్థలమును చేరుటకు యుద్ధములతో పనిలేదని తోచునట్లు చేసినవాడు ఫ్రాన్సిసు.

ఆయనకు పండుగలన్నిటిలో క్రిస్మసు పండుగయే మిన్న. ఆనాడు ధనవంతులు ఆకలిగొన్నవారికి కడుపునిండ అన్నము పెట్టవలెననియు, ఎద్దులకును, గాడిదలకును మామూలుకంటె ఎక్కువ మేత వేయవలెననియు ఆయన కోరిక. చక్రవర్తితో మాటలాడు అవకాశము కలిగినచో, ఆనాడు దారులవెంట పక్షులకై ధాన్యము చల్లవలెనని శాసనము చేయుమని వేడుకొందునని చెప్పెడివాడు. ఒక క్రిస్మసునాడు భోజనవేళ సోదరు డొకడు ఆ దినమున మరియమ్మ అనుభవించిన పేదరికమును జ్ఞప్తిచేయగా, ఫ్రాన్సిసు బల్లయొద్దనుండి లేచి, కన్నీరు కార్చుచు, నేలపై కూర్చుండి తన రొట్టెను తినెను. ఆయనకు ఆ పండుగ విందు మాత్రమే కాదు. విందునకు నోచనివారిని తలచుకొను దినము.

1224వ సంవత్సరమున ఫ్రాన్సిసు లావెర్నా పర్వతముపై ఉపవాసదీక్షలో నుండగా, సిలువవేయబడిన క్రీస్తు గాయములవంటి గుర్తులు ఆయన చేతులపైనను, పాదములపైనను, ప్రక్కయందును కలిగెనని శిష్యులు వ్రాసిరి. తొట్టిని ప్రేమించినవానికి సిలువయు లభించెనని భక్తులు తలంతురు. ఆయన చూపు రానురాను క్షీణించెను. వైద్యులు కాల్చిన ఇనుముతో చెంపలపై వాతలు పెట్టిరి. ఫలము లేకపోయెను. వెలుగును చూడలేని ఆ స్థితిలో, 1225వ సంవత్సరమున, సాన్ దమియానోలో ఆయన తన ప్రాంతపు వాడుకభాషలో ఒక గీతమును రచించెను. అందు సూర్యుని సోదరుడనియు, చంద్రుని, నీటిని సోదరీమణులనియు, భూమిని తల్లి యనియు సంబోధించి, వారందరి మూలమున దేవుని స్తుతించెను. ఇటలీ భాషాసాహిత్యమున తొలినాటి కవితలలో అది యొకటిగా పండితులు గణింతురు.

1226 అక్టోబరు 3వ తేదీ సాయంకాలమున, తాను రాతిపై రాయిపెట్టి బాగుచేసిన పొర్సియుంకుల గుడి చెంతనే ఫ్రాన్సిసు కన్నుమూసెను. అంత్యకాలము సమీపింపగా తనను వట్టినేలపై పరుండబెట్టుడని సోదరులను కోరెను. వారు అట్లే చేసిరి. అప్పటికి ఆయన వయస్సు ఇంచుమించు నలువదియైదు సంవత్సరములు. యేసు పుట్టినప్పుడు ఎంత లేమిలో ఉండెనో, తాను పోవునప్పుడు అంత లేమిలో ఉండవలెనని కోరినవాని కోరిక తీరెను.

రెండు సంవత్సరములు గడువకముందే, 1228 జూలై 16న, పోపు తొమ్మిదవ గ్రెగరీ ఆయనను పునీతునిగా ప్రకటించెను. ఆయన సమాధిపై అసీసీలో గొప్ప దేవాలయము లేచెను. ఒక గుడిసెయు తనదని చెప్పుకొననివానికి చిత్రములతో నిండిన మహామందిరము కట్టుట వింతయే. దాని గోడలపై గ్రెచ్చియో రాత్రి యందలి తొట్టియు చిత్రింపబడియున్నది. ఆయన సంఘమువారు దేశదేశములకు పోయి, పోయినచోటనెల్ల పశువులపాకను నిలుపు ఆచారమును వ్యాపింపజేసిరి. 1979లో పోపు రెండవ జాన్ పాల్ ఆయనను ప్రకృతి పరిరక్షణమునకు పాలకపునీతునిగా ప్రకటించెను. 2013లో ఎన్నికైన పోపు ఒకరు ఆయన పేరునే స్వీకరించి, 2019 డిసెంబరు 1న గ్రెచ్చియోకు స్వయముగా పోయి, ఈ తొట్టియొక్క అర్థమును గూర్చి లేఖ నొకదానిని వెలువరించెను. 2023లో ఆ రాత్రికి ఎనిమిది వందల సంవత్సరములు నిండెను.

నేడు ఆ పాకలలో కొన్ని విద్యుద్దీపములతో మెరయును. కొన్ని వెదురుపుల్లలతోను, వరిగడ్డితోను బాలురే కట్టుకొనినవై యుండును. అలంకారము ఎట్టిదైనను అందలి విషయ మొకటియే. గొప్పవాడు తక్కువవానిని వెదకికొని వచ్చెనని క్రైస్తవులు ఆ తొట్టియందు చదువుకొందురు. ఫ్రాన్సిసు దానిని చదువుటతో తృప్తిపడలేదు. కుష్ఠరోగి కొరకు గుఱ్ఱము దిగెను. బిచ్చగాండ్ర కొరకు ఇల్లు విడిచెను. శత్రువును చూచుటకు ఆయుధము లేక పోయెను. పక్షుల కొరకు చక్రవర్తిని యాచింపదలచెను. తాను నమ్మినదానిని ఇట్లు ఆచరణమున చూపుటచేతనే, క్రైస్తవులు కానివారును ఆయన చరిత్రను నేటికిని గౌరవముతో చదువుచున్నారు.